మన సీమలో ఇంగ్లీషు క్రియల చదువు

ఈ రజతోత్సవ సంచికకు మన ప్రాంతపు చరిత్రనుండి ఏదైన నొక విషయము వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరిరి. కోటలను గూర్చియు, పాళెగాండ్రను గూర్చియు వ్రాయగలవారు వేరుగ నున్నారు. నేను మన యిండ్ల యరుగులమీద జరిగిన చరిత్ర నొకదానిని వ్రాయదలచితిని. అది మన పెద్దలును, బిడ్డలును లాంతరు ముందు కూర్చుండి ‘గో, వెంట్, గాన్’ అని వల్లెవేసిన చరిత్ర. లెక్కలలో గట్టెక్కి, తెలుగులో గట్టెక్కి, ఇంగ్లీషొక్కదానియందు తప్పి చదువు చాలించి మడక పట్టినవారు ప్రతి పల్లెయందును కలరు. వారికి తెలివి చాలలేదని లోకము తీర్పు చెప్పినది. ఆ తీర్పు సరియైనదా యని విచారించుటయే ఈ వ్యాసముయొక్క పని.

మన సీమ కుంపినీవారి పాలనలోనికి వచ్చినది 1800లో. నిజాము నవాబు తనకు దక్కిన కడప, బళ్లారి ప్రాంతములను వారికి దత్తము చేసెను. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు నాటినుండి కడపజిల్లాలోనివే. 1911 ఏప్రిలు 1వ తేదీన చిత్తూరుజిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినవి. కనుక మన కథకు మొదలు కడపలోను, చెన్నపట్నములోను ఉన్నది.

ఇచ్చట నొక విశేషమును గమనింపవలెను. మనము ఇంగ్లీషు నేర్చుటకు ముందు ఇంగ్లీషువారే తెలుగు నేర్చిరి. అందులకై వారు చేసికొన్న ఏర్పాట్లు సామాన్యమైనవి కావు. కొత్తగ సీమనుండి వచ్చిన యువకోద్యోగులకు దేశభాషలు చెప్పించుటకై 1812లో చెన్నపట్నమున సెంటు జార్జి కోట కళాశాల వెలసెను. పండితులకు జీతము లిచ్చిరి, పరీక్షలు పెట్టిరి. 1816లో ఏ. డి. కాంప్‌బెల్ దొర తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషులో అచ్చువేయించెను. తెలుగు సంస్కృతమునకు బిడ్డ కాదనియు, తమిళ కన్నడములతోడి కుటుంబమునకు చెందిన దనియు ఎల్లిస్ దొర నిరూపించిన ప్రసిద్ధమైన పీఠిక ఆ గ్రంథమునందే కలదు. తరువాత బ్రౌను దొర. ఆయన 1820లో కడపకు ఉద్యోగియై వచ్చి, బంగళా కొని, పండితులను తన సొంత సొమ్ముతో పోషించి, 1840లో వ్యాకరణమును, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. ఆ బంగళా యున్న తావుననే నేడు కడపలో ఆయన పేరిటి గ్రంథాలయము నడచుచున్నది.

కాంప్‌బెల్ గాని బ్రౌను గాని చేసిన దేమి? తెలుగు క్రియను ఇంగ్లీషువాని కన్నులతో చూచి, ‘మీ భాషలో నిట్లుండును, ఇచ్చట నిట్లుండును’ అని పక్కపక్కన పెట్టి చూపిరి. అనగా నేర్చువాని భాషనే మెట్టుగ చేసికొనిరి.

మనవంతు వచ్చునప్పటికి ఆ మెట్టు మాయమైనది. 1835లో మెకాలే దొర తన ప్రసిద్ధ నివేదికను వ్రాసెను. 1854లో ఉడ్ దొర విద్యాశాసనము వచ్చెను. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. పరీక్ష యేర్పడినది, పరీక్షవెంట ఉద్యోగము, ఉద్యోగమువెంట ఆశ. పుస్తకములు మాత్రము ఎవరికొరకో వ్రాసినవి. ఇంగ్లీషు వ్యాకరణములలో మిక్కిలి పేరు గాంచిన లిండ్లీ మర్రే పుస్తకము 1795లో వెలువడినది. ఇంగ్లండులోని యార్కు పట్టణమున నొక బాలికా పాఠశాలకై వ్రాసినది. ఆ బాలికలు ఉగ్గుపాలతో ఇంగ్లీషు నేర్చినవారు. 1935 ప్రాంతమున వచ్చి ఇప్పటికిని మన అంగళ్లలో అమ్ముడుపోవుచున్న రెన్, మార్టిన్ గార్ల వ్యాకరణముగూడ మొదట మన దేశమున నున్న ఇంగ్లీషు ఉద్యోగుల పిల్లలకొరకై కూర్చినదే. భాష తెలిసినవానికి దాని యెముకలగూడు చూపుట యొక పద్ధతి. భాష తెలియనివానికి ఎముకలు మాత్రమే యిచ్చి, దీనికి ప్రాణము పోయుమనుట వేరొక పద్ధతి. మనకు దక్కినది రెండవది.

ఇక విషయములోనికి దిగుదము. బడిలో పలకమీద పండ్రెండు గళ్ల పట్టిక వేయుదురు: మూడు కాలములు, ఒక్కొక్కదానికి నాలుగేసి రూపములు. ‘ప్రెజెంట్ టెన్స్’ అనగా వర్తమానకాలమని చెప్పుదురు. చిక్కంతయు ఈ యొక్క మాటలోనే యున్నది. తెలుగున వర్తమానమనగా ‘వచ్చుచున్నాడు’ అనునది. కన్నులయెదుట జరుగుచున్న పని. ఇంగ్లీషున దానికి ‘హీ ఈజ్ కమింగ్’ అను వేరు రూపము కలదు. ‘హీ కమ్స్’ అను సామాన్యరూపము కన్నులయెదుటి పనిని చెప్పదు; వాడుకను, స్వభావమును చెప్పును. ఆవు పాలిచ్చును, నిప్పు కాల్చును, మా మామ శుక్రవారము సంతకు పోవును – ఇట్టివాని కది తగును. మన వ్యాకరణములో దీనికి పేరు లేదా? ఉన్నది. భూత, భవిష్యత్, వర్తమానములతోపాటు తద్ధర్మమను నాలుగవదానిని మనవారు ఏనాడో గుర్తించిరి. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడునాటికే అది పండితుల కందరికిని తెలిసిన మాట. తెలుగు గంటలో తద్ధర్మము చదివిన పిల్లవానికి, తరువాతి గంటలో వచ్చిన ఇంగ్లీషు మాస్టరు ‘ఇదియే ఆ తద్ధర్మము, నాయనా’ అని యొక్క మాట చెప్పియుండిన ఎంత మేలు! చెప్పినవారు అరుదు. అందుచేత పిల్లవాడు ‘నేను దినమును బడికి పోవుదును’ అనవలసినచోట ‘ఐ యామ్ గోయింగ్ టు స్కూల్ డెయిలీ’ అని వ్రాసి, ఎఱ్ఱసిరా గీత పడినప్పుడు ఎందుకు పడినదో ఎరుగక తెల్లబోయెను.

రెండవ చిక్కు దీనికి తోడబుట్టినది. మన వాడుకలో ‘వస్తాడు’ అను మాట తద్ధర్మమునకును చెల్లును, భవిష్యత్తునకును చెల్లును. ‘దినమూ వస్తాడు’, ‘రేపు వస్తాడు’ – క్రియ మారలేదు. దినమూ, రేపు అను మాటలే కాలమును మోయుచున్నవి. ఇంగ్లీషున అట్లుగాక ‘కమ్స్’ అనియు, ‘విల్ కమ్’ అనియు క్రియయే వేషము మార్చవలెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారును, గ్విన్ దొరగారును కలిసి 1985లో ప్రకటించిన ఆధునికాంధ్ర వ్యాకరణమునందు ఈ రూపమునకు భవిష్యత్తు, వాడుక యను రెంటిని కలిపిన యొకే పేరు పెట్టియున్నారు. పండితులు పేరు పెట్టకమునుపే మన పశులకాపరికిగూడ ఇది నోట తెలిసిన సంగతి.

భూతకాలమున పేచీ మరియొక తీరు. ‘బస్సు వచ్చింది’ అని మనము కేక వేయుదుము. అది యిప్పుడే వచ్చి నిలిచియున్నను అదే మాట, నిన్న వచ్చి పోయినను అదే మాట. ఇంగ్లీషువాడు మొదటిదానికి ‘హాజ్ కమ్’ అనియు, రెండవదానికి ‘కేమ్’ అనియు చెప్పును. జరిగిన పనియొక్క ఫలము ఇప్పటికిని నిలిచియున్నదా, లేక పని గడచిపోయినదా యనునదే భేదము. గ్రంథభాషలో మనకును ‘వచ్చియున్నది’ అను రూపము కలదు. వచ్చి, ఇంకను ఉన్నది. దీనిని పట్టుకొని చెప్పినచో ‘హాజ్’ అనునది పిల్లవానికి భూతముగ కనిపింపదు. నిన్న, మొన్న అని దినము చెప్పినయెడల ‘వచ్చియున్నది’ అనము గదా! ఇంగ్లీషునను అట్లే, ‘యెస్టర్‌డే’ చేరినప్పుడు ‘హాజ్ కమ్’ పొసగదు. అయితే ‘ఐదేండ్లనుండి ఇక్కడనే ఉన్నాను’ అను వాక్యమున మాత్రము దారులు వేరగును. తెలుగున అది వర్తమానము; ఇంగ్లీషున ‘హావ్ బీన్’ అనవలెను. పెద్ద చదువులు చదివిన మనవారుగూడ ఇచ్చట కాలు జారుట విందుము.

‘గో’ అనుదానికి ‘వెంట్’ ఎక్కడనుండి వచ్చెనని నవ్వువారు మన ‘వచ్చు’ ధాతువును చూడవలెను. వచ్చెను, వచ్చును అని నడచి, లేదనునప్పుడు ‘రాడు’ అనియు, పిలుచునప్పుడు ‘రమ్ము’ అనియు అగును. పరదేశి కది యెంత వింత!

మన సీమలోనే పుట్టిన యొక బాలుని సంగతి ఇచ్చట చెప్పదగినది. జిడ్డు కృష్ణమూర్తిగారు 1895 మే మాసమున మదనపల్లెలో జన్మించిరి. 1909 ఆరంభమున తండ్రివెంట అడయారు చేరిరి. మైలాపూరు బడిలో ఉపాధ్యాయుడు ఆ బాలుని మందమతియని యెంచి కొట్టుచుండెనట. దివ్యజ్ఞాన సమాజమువారు ఆయనను చేరదీసిన పిమ్మట, అనీబిసెంటమ్మ విదేశమునుండి తిరిగి వచ్చులోపల ఆమెతో మాటాడగలుగవలెనని ఇంగ్లీషునకే మొదటి స్థానమిచ్చిరి. గురువులు పలువురు. సైకిలు త్రొక్కుచు, ఈదుచు, బంతియాడుచు మాటలు నేర్పిరి. కొలది మాసములలోనే బాలునికి ఇంగ్లీషు మాట పట్టుబడినది. 1910లో ఆయన పేర ఇంగ్లీషు పుస్తకము వెలువడగా, ఇంత త్వరలో ఇట్టి భాష యెట్లు వచ్చెనని సందేహించినవారును ఉండిరి. అదే మనిషి తరువాత లండను ప్రవేశపరీక్షలో పలుమారులు తప్పిరి. అటుపిమ్మట 1986లో కన్నుమూయువరకు ఇంగ్లీషులోనే లోకమంతట ప్రసంగించిరి. మందమతి యనిపించుకొన్న బాలునికి కొఱవడినది బుద్ధి కాదు, చెప్పు తీరు మాత్రమే. కాని యొక్క బాలునికి అందరు గురువులు మన పల్లెబడిలో ఎక్కడనుండి వత్తురు? పైగా ఆయన చెల్లించిన మూల్యముగూడ చిన్నది కాదు. తల్లిభాషయైన తెలుగును మరచిపోయిరి. నా మట్టుకు నేనా బేరమును మెచ్చజాలను.

1915లో అనీబిసెంటమ్మ మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అచ్చట విడిసిరి. ఐర్లండు కవి జేమ్సు కజిన్సుగారు నాటి ప్రధానాచార్యులు. ఆయన భార్య మార్గరెట్ సంగీతజ్ఞురాలు, ‘జనగణమన’ స్వరమును ఆమె లిపిబద్ధము చేసెను. ఆ దినములలోనే రవీంద్రులు ఆ గీతమును తామే ఇంగ్లీషున పరివర్తించిరి. దీనిని మనము గర్వముగ చెప్పుకొందుము, మంచిదే. అందొక వ్యాకరణ పాఠముగూడ కలదని తలచువారు తక్కువ. వంగభాషలోని మొదటి పాదము క్రియలేకయే నిలిచినది. ‘ఆయన మా గురువు’ అని మనమును క్రియలేకయే చెప్పుదుము. ఇంగ్లీషు వాక్యము అట్లు నిలువదు. కనుక రవీంద్రులు తమ యనువాదమున ‘అయి యున్నావు’ అను నర్థమిచ్చు చిన్నక్రియను చేర్చవలసి వచ్చెను. మన విద్యార్థి ‘హీ మై టీచర్’ అని వ్రాసి మార్కులు పోగొట్టుకొనునది సరిగా ఆ చిన్నక్రియ దగ్గరనే. ఆ గీతమున తరువాతి క్రియలు వంగమున వర్తమానమునందున్నట్లే ఇంగ్లీషునను సామాన్య వర్తమానమున, అనగా మన తద్ధర్మమున, నడచును. నిత్యముగ జరుగు పనులను స్తుతించునప్పుడు అదే తగిన రూపము.

చదువు చెప్పు తీరును గూర్చి దేశమున ఆలోచన రాకపోలేదు. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లభాషా సంస్థ యేర్పడి, ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించెను. పట్టికలు తగ్గి వాక్యపు మచ్చులు పెరిగినవి. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును నిర్బంధము చేయు ఉత్తర్వు నిచ్చెను. 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. ఆ వాదములో ఇరుపక్షములును గట్టిగానే మాటాడినవి. తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషునకు మెట్టుగ వేయుమని మాత్రము అటువారును ఇటువారును తగినంతగ చెప్పలేదని నాకు తోచును.

విశేషణములను గూర్చి కొంచెము చెప్పి ముగింతును. ఇవి క్రియలంత బాధ పెట్టవు. నామమునకు ముందు నిలుచుటలో రెండు భాషలును ఒకటే; మంచి ఎద్దు, ‘గుడ్ బుల్’. లింగవచనములనుబట్టి మారకపోవుటలోను ఒకటే. సంస్కృతము, హిందీ చదివినవాడు ఈ సౌఖ్యమును గుర్తించును. భేదము పోల్చునప్పుడు వచ్చును. మనకు ‘కంటె’ యను ప్రత్యయమే బరువంతయు మోయును, విశేషణము కదలదు. ఇంగ్లీషున విశేషణమే ‘టాల్, టాలర్, టాలెస్ట్’ అని పెరుగును. ‘ఇంకా మంచిది’ అను నలవాటుచేత మనవాడు ‘మోర్ బెటర్’ అనును. వేడివేడి కాఫీ, చిన్నచిన్న రాళ్లు అని మనము జంటగ చెప్పిన సొగసు ‘హాట్ హాట్ కాఫీ’ అనుటలో వారికి వింతగ తోచును. పచ్చ యను మాట ఆకునకును చెల్లును, పసుపునకును చెల్లును. వారికి రెండు మాటలు వేరు. మనము ‘నిన్న వచ్చిన మనిషి’ అని క్రియనుండియే విశేషణము పుట్టించి ముందు నిలుపుదుము. ఇంగ్లీషువాడు మనిషిని ముందు చెప్పి, ‘హూ కేమ్’ అని వెనుక తగిలించును. ఈ యొక్క తలక్రిందు తెలిసినచో దీర్ఘవాక్యములు సగము విడిపోవును.

మన యూరి పేరులోనే యొక విశేషణ మున్నది. ‘పెద్ద’ యనుదానిని ఇంగ్లీషున చెప్పుటకు ఒక్క మాట చాలదు. పెద్దకొడుకునకు ‘ఎల్డర్’ లేక ‘ఎల్డెస్ట్’, పెద్దవానకు ‘హెవీ’, పెద్దబండకు ‘బిగ్’, పెద్దగొంతుకు ‘లౌడ్’. రాయచోటివైపున చిన్నమండెమను ఊరు కలదు. పేర్లకు గల సంబంధము మాట అటుంచి, పెద్ద, చిన్న యని మనవారు ఊళ్లను వేరుచేయునప్పుడు ‘కంటె’ అక్కరలేక పోయినది. ఇంగ్లండులోను ఇట్లే జంట యూళ్లు కలవు. బకింగ్‌హాం సీమలో గ్రేట్ మిస్సెండెన్, లిటిల్ మిస్సెండెన్ అని రెండు పల్లెలు ఒకదానికొకటి సమీపముననే యున్నవి. అచ్చటి పల్లెవారును ఊరికి పేరు పెట్టునప్పుడు ‘గ్రేటర్’ అనలేదు.