పెద్దపులి, పైడితల్లి

రక్తము త్రాగు పిశాచములకును, తోడేళ్లుగా మారు నరులకును మధ్యయుగపు కోటలలో ఘోరయుద్ధము జరిగినట్లు పాశ్చాత్యులు తీసిన చలనచిత్రములను మన కుర్రవాండ్రు నోరు తెరచి చూచుచుందురు. ఆంగ్ల పండితుడు బర్టను 1870లోనే మన విక్రమార్కుని కథలను ఆంగ్లమున వ్రాయుచు, చెట్టుకొమ్మను తలక్రిందుగా వ్రేలాడు బేతాళుని రక్తపిశాచముగా తనవారికి పరిచయము చేసెను. స్టోకరు వ్రాసిన డ్రాక్యులా నవల వెలువడినది 1897లో. ఇక మృగముగా మారు మనుష్యుని కొరకు మన గజపతినగరమువారు సముద్రములు దాటనక్కరలేదు. ఊరి వెలుపల నిలిచి మన్యపు కొండలవైపు చూచిన చాలును.

థర్‌స్టను 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణభారత కులముల, తెగల గ్రంథమున మన్యపు తెగయైన కోందుల విశ్వాసమొకటి కనిపించుచున్నది. మనిషి ప్రాణములో సగము దేహమును వీడి పులియై, పగవానిని చంపుటకో, పశువులను తిని ఆకలి తీర్చుకొనుటకో అడవిలో సంచరించునట. ఆ వేళ ఇంటనున్న మనిషి నిస్త్రాణగా, మందముగా ఉండునట. అడవిలో ఆ పులి చచ్చెనా, ఇంటిలో ఈ మనిషియు అప్పుడే చచ్చునట. పాశ్చాత్యుల కథలలో తోడేలగుట శాపము. కోందుల దృష్టిలో పులియు నరుడును ఒకే ప్రాణమును పంచుకొన్న ఇరువురు.

కొండలలోని ఈ పులి మైదానమున బిరుదమైనది. శ్రీకాకుళపు ఫౌజుదారు షేర్ మహమ్మదు ఖానుని వెంట వచ్చిన వెలమ నాయకుడు పెద్దరాయుడు తాను కట్టిన కోటకు ప్రభువు పేరిట (షేరనగా పులి) పెద్దపులి అని నామకరణము చేసెననియు, అదియే కాలక్రమమున బొబ్బిలి అయ్యెననియు ఆ సంస్థానచరిత్ర చెప్పును. ఆ కోటకును విజయనగరపు కోటకును నడుమనున్న దారిలో, చంపావతీ పరిసరమున, మన గజపతినగరమున్నది. పూసపాటివారి గజపతి బిరుదము ఈ ఊరి పేరున నేటికిని వినబడుచున్నది.

బొబ్బిలి పులికథకు మూలమై, ఈ రెండు కోటల నడుమ జరిగిన యుద్ధమునకు కారణము మాత్రము మిక్కిలి లౌకికమైనది. బొబ్బిలివారు కాలువల నీటిని మళ్లించుకొనుచున్నారని విజయనగరపు రాజు విజయరామరాజునకు కోపము. ఉత్తర సర్కారులు 1753లో ఫ్రెంచివారి వశమయ్యెను. వారి సేనాని బుస్సీ పన్నుల కొరకు ఇటు వచ్చినప్పుడు రాజు అతనిని తన పక్షమునకు త్రిప్పుకొనెను. తమ నేలను విడిచి వేరొకచోటికి పొమ్మన్న ఆజ్ఞను బొబ్బిలి ప్రభువు రంగారాయుడు త్రోసిపుచ్చెను. 1757 జనవరి 24న వేకువనుండి ఫిరంగులు కోటను కొట్టినవి. గెలుపు లేదని తెలిసిన పిమ్మట, స్త్రీలు, బిడ్డలు పరులచేత చిక్కరాదని కోటలోనివారే వారిని చంపి, ఇండ్లకు నిప్పంటించి, తాము పోరాడుచు నేలకొరిగిరి. ఒక్క పసివాడు మాత్రము ఒక వృద్ధుని పుణ్యమున బ్రదికెను. కోట పడిన మూడవ రాత్రి బొబ్బిలివారు డేరాలో దూరి విజయరామరాజును పొడిచి చంపిరి. ఇంతవరకు ఆంగ్ల చరిత్రకారుడు ఓర్ము వ్రాసినదే. ఆ పొడిచినవాడు రాజాము కోటనుండి వచ్చిన తాండ్ర పాపారాయుడని, బొబ్బిలి పులి యనగా అతడేనని జంగాలు ఊరూర పాడిరి. దిట్టకవి నారాయణకవి రంగారాయ చరిత్రమును కావ్యముగా రచించెను. 1964లో ఆ కథ వెండితెర కెక్కినది.

ఓడినవారికి పులి దక్కగా గెలిచినవారికి దేవత దక్కినది. విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ, యుద్ధము వలదని వేడి, అన్న మరణవార్త విని పెద్దచెరువులో కలసిపోయెనని విజయనగరమున చెప్పుకొందురు. విజయదశమి వెళ్లిన మంగళవారమునాడు, అమ్మవారు పూజారికి కలలో కనిపించి చూపినదని నమ్మిన చింతమానును సిరిమానుగా చెక్కి, దాని కొనను పూజారిని కూర్చుండబెట్టి, గుడికిని కోటకును నడుమ ముమ్మారు త్రిప్పుదురు. ముందు పాలధార, బెస్తవారి వల, తెల్లయేనుగు రథము నడచును. ఆ జాతరలో ఒడలెల్ల పసుపు, నలుపు చారలు దిద్దుకొని డప్పుల మోతకు చిందులు వేయు పులివేషగాండ్రును ఉందురు. పగవాని బిరుదమగు పులి పైడితల్లి యెదుట ఆడుచుండగా ఎవరికిని అభ్యంతరము లేదు.

పాశ్చాత్య చలనచిత్రపు యుద్ధమునకును ఈ యుద్ధమునకును భేదమిక్కడనే. అందు ఇరుపక్షములును రాక్షసులే. ఇందు జనులు ఒక పక్షమునకు పౌరుషమును, మరియొక పక్షమునకు దైవత్వమును పంచియిచ్చి, ఎవరినీ రాక్షసులను చేయక శోకమును తీర్చుకొనిరి. అది గొప్ప ఔదార్యమే గాని, దాని మరుగున ఫిరంగుల సంగతి కొంత మాసిపోయినది. 1758లో బుస్సీ వెనుకకు పిలువబడెను; రాజు వారసుడు ఆనందరాజు ఆంగ్లేయులను పిలిచి, ఆ డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించుటకు తోడ్పడెను. 1794 జూలై 10న పద్మనాభమున ఆ ఆంగ్లేయుల తుపాకులకే ఆ వంశపు చిన విజయరామరాజు బలియయ్యెను. కాలువనీటి తగవును పొరుగువారు తామే తీర్చుకొనక పరుల ఫిరంగిని తెచ్చుకొన్నందులకు ఇరుకోటలును మూల్యము చెల్లించినవి.