నెత్తి మీద ఎర్రటోపీ

"మేస్టారండీ, మీరు తీసిన ఫొటోలో నేను పడ్డానా? పడితే మాత్రం పెట్టకండి."

ఈ మాట అన్నది నా పాత విద్యార్థి. పోయిన డిసెంబరు 24 రాత్రి, మురమళ్ళలో మా పేట క్రిస్మస్ ఊరేగింపులో. నెత్తి మీద తెల్ల కుచ్చున్న ఎర్రటోపీ, మెడలో శాక్సాఫోను. అప్పటిదాకా పేటంతా వాడి చుట్టూ ఎగిరింది. పాట ఆగిన మరుక్షణం వాడి మొహంలో భయం చూశాను. ఫొటో పెట్టలేదు. దానికి బదులు ఈ వ్యాసం పెడుతున్నాను.

ఈ వరసలో ఇంతకు ముందు భాగాలు చదివినవాళ్ళకి తెలుసు, నేను చిన్న వస్తువుల చరిత్ర రాస్తుంటాను. ఇవాళ్టివి మూడు. టోపీ, బ్యాండు, రోడ్డు. మూడూ కలిస్తే ఊరేగింపు. మూడింట్లో ఏదీ మాకు ఊరికే రాలేదు.

ముందు ఆ రాత్రి సంగతి చెప్పాలి. ట్రాక్టరు మీద వెదురు బద్దల నక్షత్రం, లోపల బల్బు. వెనకాల పిల్లలు, ఆడవాళ్ళు, కర్ర పట్టుకున్న ముసలివాళ్ళు, అందరి నెత్తినా ఒకే రకం టోపీ. ముందు బ్యాండు: రెండు ట్రంపెట్లు, ఒక క్లారినెట్టు, మా వాడి శాక్సాఫోను, సైడు డ్రమ్ములు, ఒక పెద్ద డోలు. మొదట మామూలు క్రిస్మస్ పాటలే వాయించారు. పేట మలుపు తిరిగి కాకినాడ–అమలాపురం రోడ్డు ఎక్కగానే వరస మారింది. డోలు నిలకడగానే నడుస్తోంది, శాక్సాఫోను మాత్రం దాన్ని పట్టుకోకుండా కాస్త ముందూ కాస్త వెనకా జారుతూ పోతోంది. ట్రంపెట్టు ఒక ముక్క విసిరితే వీడు దాన్ని మార్చి తిరిగి విసిరాడు. నాకు ఒళ్ళు జలదరించింది. అది "వెన్ ద సెయింట్స్ గో మార్చింగ్ ఇన్". అమెరికా నల్లవాళ్ళ చర్చి పాట, తర్వాత జాజ్ పాట. యూట్యూబులో చూసి నేర్చుకున్నాడట.

టోపీ

మా తాతయ్య బ్యాండు మేళంలో కార్నెట్ వాయించేవాడు. ఆయనకి రెండు తలలుండేవని మా నాయనమ్మ వేళాకోళం చేసేది. ఒకటి టోపీ ఉన్న తల, రెండోది లేని తల.

పొలం పనికి పోయేటప్పుడు ఎండకి తువ్వాలు చుట్టుకునేవాడు. కామందు గట్టు మీద కనిపిస్తే ఆ తువ్వాలు తీసి చంకలో పెట్టుకోవాలి. చెప్పులుంటే చేత్తో పట్టుకోవాలి. ఇది ఎవరూ కాగితం మీద రాసిన చట్టం కాదు, కానీ చిన్న పిల్లాడికి కూడా తెలిసిన చట్టం. అదే మనిషి పెళ్ళిళ్ళ సీజనులో బంగారు రంగు అంచున్న కోటు, జరీ పట్టీ టోపీ పెట్టుకుని అదే కామందు ఇంటి ముందు నిలబడి వాయించేవాడు. అప్పుడు టోపీ తీయమనేవాళ్ళు కాదు. ఎందుకంటే అది ఆయన టోపీ కాదు, మేళం టోపీ. పెళ్ళివారి దర్జాకి పెట్టిన టోపీ. అన్నాలు మాత్రం పందిట్లో అందరూ తిన్నాక, పశువుల పాక పక్కన.

తల కప్పుకోవడం అనేది మన దేశంలో ఎండకి సంబంధించిన విషయం కాదు. 1893లో కేరళలో అయ్యంకాళి చేసిన పని గుర్తు తెచ్చుకోండి. తెల్ల బట్టలు కట్టి, తలపాగా చుట్టి, ఎడ్ల బండి ఎక్కి పుళయలకు నిషేధించిన రోడ్డు మీద బండి తోలించాడు. ఆయన తల్చుకుంటే మామూలుగా నడిచి వెళ్ళొచ్చు. బండి, తలపాగా, రోడ్డు మూడూ కావాలనుకున్నాడు. ఏ మూడింటిని వద్దన్నారో ఆ మూడింటినే ఒకేసారి తీసుకున్నాడు. బాబాసాహెబ్ సూటూ టోపీ చూసి దొరల వేషం అని ఎకసెక్కం చేసేవాళ్ళకి అర్థం కానిది కూడా ఇదే.

అందుకే ఎర్రటోపీని చూసి "మీకెందుకురా ఈ పరాయి వేషాలు" అనేవాళ్ళకి నా జవాబు చిన్నది. మా సొంత తువ్వాలు మా నెత్తిన ఉండనిచ్చారా? ఇరవై రూపాయల టోపీ పెట్టుకుని మా ముసలివాళ్ళు రోడ్డు నడిమధ్యన నడుస్తున్నారు. ఎదురుగా ఎవరొచ్చినా తీయక్కర్లేదు. ఆ టోపీ ఏ దేశంలో పుట్టిందన్నది రెండో సంగతి.

బ్యాండు

మన ఊళ్ళలో ప్రతి వాద్యానికీ ఒక కులం రాసిపెట్టి ఉంటుంది. గుడిలో నాదస్వరం, డోలు నాయీబ్రాహ్మణులవి. చావుకీ జాతరకీ డప్పు మాదిగలది. మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడి గురించి అందరికీ తెలుసు, అక్కడ దేవుడికి రోజూ కల్యాణమే. రోజూ మేళమే. ఆ మేళంలో మా తాతయ్యకి చోటు ఉండే ప్రశ్నే లేదు.

కార్నెట్ మాత్రం సీమ నుంచి వచ్చింది. పల్టన్ల బ్యాండులతో వచ్చింది, దాని మీద ఎవరి కులమూ చెక్కి లేదు. దొరల కవాతుల నుంచి సంస్థానాలకీ, అక్కడి నుంచి పెళ్ళిళ్ళకీ దిగింది. అలా దిగిన దాన్ని మాలపేటల కుర్రాళ్ళూ, తురక వీధుల కుర్రాళ్ళూ పట్టుకున్నారు. రాసిపెట్టని వాద్యం కాబట్టే మా తాతయ్య చేతికి వచ్చింది. కానీ వచ్చాక ఊరు దానికీ కులం తగిలించింది. "బ్యాండువోడు" అన్న పిలుపులో ఎంత గౌరవం ఉందో మీకు తెలుసు.

ఇప్పుడు మా వాడు వాయించిన పాట పుట్టిన ఊరికి పోదాం. అమెరికాలో న్యూ ఆర్లియన్స్. బానిసలుగా ఉన్న నల్లవాళ్ళు ఆదివారం పూట ఒకచోట చేరి ఆడుకోవడం పాడుకోవడం అక్కడి వాడుక. 1817లో నగర పాలకులు దాన్ని ఒకే ఒక్క మైదానానికి కట్టేశారు. దాన్నే కాంగో స్క్వేర్ అంటారు. ఆటపాటలకి కూడా హద్దు గీసిన పేట అన్నమాట. బానిసత్వం రద్దయ్యాక నల్లవాళ్ళు సహాయ సంఘాలు పెట్టుకున్నారు. జబ్బు చేస్తే మందు, చస్తే శవపేటిక, శవం వెంట బ్యాండు. మిలటరీ బ్యాండుల వాద్యాలనే తీసుకుని వాటిని తమ గొంతులాగా పలికించారు. పోయేటప్పుడు నింపాదిగా చర్చి పాట, మట్టి చేసి తిరిగి వచ్చేటప్పుడు ఎగిరే పాట. బ్యాండు వెనక దారినపోయే జనం కూడా చేరి ఆడుకుంటూ నడిచేవాళ్ళు. ఆ వరసకి సెకండ్ లైన్ అని పేరు. జాజ్ పెరిగిన చోట్లలో ఈ రోడ్డు ఊరేగింపు ముఖ్యమైనది.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడే 1901లో పుట్టాడు. 1912 చివరి రాత్రి సరదాకి పిస్తోలు పేల్చాడని పోలీసులు పట్టుకుని నల్ల పిల్లల సంరక్షణ గృహంలో వేశారు. కార్నెట్ సరిగ్గా నేర్చుకున్నది అక్కడే. ఆ గృహం బ్యాండు ఒకరోజు వాళ్ళ పేట మీదుగానే కవాతు చేసింది. పేట జనం ఎంత చిల్లర వేశారంటే, పట్టడానికి తోటి పిల్లల టోపీలు కూడా అడిగి తీసుకోవాల్సి వచ్చిందని ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు. అది చదివినప్పుడల్లా నాకు మా తాతయ్య టోపీ గుర్తొస్తుంది.

1917లో మొదటి జాజ్ రికార్డు వచ్చింది. ఎవరిది? తెల్లవాళ్ళ బ్యాండుది. తయారుచేసింది ఒకరు, పేరు ఇంకొకరిది. మన సాహిత్య చరిత్రలు చదివినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. 1949లో అదే ఆర్మ్‌స్ట్రాంగ్ సొంతూరి మార్డీ గ్రా పండగలో జులూ సంఘం ఊరేగింపుకి రాజై, కిరీటం పెట్టుకుని వచ్చాడు. ఏడేళ్ళకే, 1956లో, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే వేదిక మీద వాయించకూడదని ఆ రాష్ట్రం చట్టం చేసింది. ఆయన 1965 దాకా సొంతూళ్ళో కచేరీ చేయలేదు. నెత్తిన కిరీటం పెట్టినంత మాత్రాన తల మీద హక్కు ఇచ్చినట్టు కాదు.

మా దగ్గరా అంతే. కార్నెట్ పెళ్ళిలో మోగితే మేళం. మా పండక్కి మా డబ్బుతో మా రోడ్డు మీద మోగితే అది వేరే. మా తాతయ్య ఏడాదికి రెండు సార్లే కూలి తీసుకోకుండా వాయించేవాడు. ఏప్రిల్ 14న, డిసెంబరు 24న. 1994లో దండోరా ఉద్యమం మొదలయ్యాక డప్పు కూడా ఇలాగే మలుపు తిరిగింది. వెట్టి వాద్యం సభకి పిలుపైంది.

రోడ్డు

బైబిలుకీ రోడ్డుకీ మన దేశంలో పాత తగవే. 1882లో సాల్వేషన్ ఆర్మీ, మనం రక్షణ సైన్యం అంటాం, నలుగురే నలుగురు మనుషులతో బొంబాయిలో దిగింది. నెత్తిన తలపాగాలు, చేతుల్లో వాద్యాలు. వీధిలో వాయిస్తూ ఊరేగినందుకు బ్రిటిష్ పోలీసులే వాళ్ళని అరెస్టు చేశారు. తెల్లదొరల రాజ్యంలో తెల్లవాళ్ళనే పట్టారు. చర్చిలో ఎంతసేపు పాడినా ఎవరికీ అభ్యంతరం లేదు. వీధిలోకి వస్తేనే గొడవ.

మన గోదావరి డెల్టాకి మిషనరీలు అంతకన్నా ముందే, 1836లోనే వచ్చారు. పాలకొల్లు, నరసాపురం కేంద్రాలుగా గోదావరి డెల్టా మిషన్ పెరిగింది. బడి వచ్చింది, అక్షరం వచ్చింది. కోనసీమ దళిత చరిత్ర అక్కడితో ఆగలేదు. మామిడికుదురు నుంచి బోయి భీమన్న, కందికుప్ప నుంచి బొజ్జా తారకం వచ్చారు. మురమళ్ళ పక్కనే ఉన్న ఎదుర్లంక నుంచి జి.ఎం.సి. బాలయోగి వెళ్ళి లోక్‌సభ స్పీకరయ్యారు. ఎదుర్లంక–యానాం వంతెనకి ఇప్పుడు ఆయన పేరే. మనం రోడ్డు మీద నడవడం దగ్గర మొదలుపెట్టి వంతెనకి మన పేరు పెట్టుకునేదాకా వచ్చాం.

అయినా జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామంటే ఏమైంది? 2022 మే 24న అమలాపురంలో ఇంకో ఊరేగింపు బయల్దేరింది. దానికి బ్యాండు లేదు. సాయంత్రానికి మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. మాకు రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. పేరు నిలబడింది. ఆ రాత్రి పేటల్లో కాపలా కాసినవాళ్ళు మాత్రం అది మర్చిపోలేదు.

డిసెంబరు 25కి మా క్యాలెండర్లో రెండో అర్థం కూడా ఉంది. 1927లో అదే రోజున మహాడ్‌లో అంబేడ్కర్ మనుస్మృతిని తగలబెట్టించారు. మా పేటలో ఆ రోజు పొద్దున ప్రార్థన, సాయంత్రం మనుస్మృతి దహనం జరిగిన ఏళ్ళున్నాయి. రెండింటికీ వచ్చేది ఒకే జనం.

ఇక మా వాడి భయం దగ్గరికి వద్దాం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 3(1)(జెడ్ఏ) చదవండి. దళితుడు బహిరంగ స్థలంలో చెప్పులు వేసుకోవడాన్ని, కొత్త బట్టలు కట్టుకోవడాన్ని, పెళ్ళి ఊరేగింపు తీయడాన్ని, గుర్రం ఎక్కడాన్ని అడ్డుకుంటే నేరం. మతపరమైన, సామాజికమైన, సాంస్కృతికమైన ఊరేగింపులు తీయడాన్ని అడ్డుకున్నా నేరమే. మా తాతయ్య తువ్వాలు కథంతా పార్లమెంటు ఒప్పుకున్నట్టే.

ఇప్పుడు దాని పక్కన 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు పెట్టండి. మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాదు. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లిముల్నీ చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితులకి బీసీ–సి, ఒక్క శాతం. 2023 మార్చిలో దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని మన అసెంబ్లీ తీర్మానం చేసింది. తర్వాత 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన కేసు కొట్టేస్తూ, క్రైస్తవంలోకి వెళ్ళినవాడు అత్యాచారాల చట్టం రక్షణ కోరలేడని చెప్పింది.

రెండూ కలిపి చదివితే ఏమైంది? ఊరేగింపు తీసుకోవడం మా హక్కని ఒక కాగితం చెబుతోంది. అది క్రిస్మస్ ఊరేగింపైతే ఆ హక్కు మాది కాకుండా పోవచ్చని ఇంకో కాగితం చెబుతోంది. టోపీ పెట్టుకున్నందుకు కొట్టినవాడు మా బాప్టిజం కాగితం చూసి కొట్టడు, పేట చూసి కొడతాడు. కేసు పెట్టడానికి పోతే మాత్రం ముందు మా దేవుడెవరో చూస్తారు.

మా వాడు గ్రూప్స్ రాశాడు. సర్టిఫికెట్ల పరిశీలన దగ్గరపడింది. వాడు బాప్టిజం తీసుకోలేదు. వాళ్ళమ్మ చర్చికి పోతుంది, నాన్న అంబేడ్కర్ విగ్రహానికి దండ వేస్తాడు, వాడు శాక్సాఫోను వాయిస్తాడు. అంతే. అయినా ఎవడో ఒకడు ఆ ఫొటో తీసుకెళ్ళి ఎమ్మార్వో ఆఫీసులో ఫిర్యాదు పెడితే? టోపీయే సాక్ష్యం అంటే? ఒకప్పుడు నెత్తిన బట్ట ఉందని శిక్షించారు. ఇప్పుడు నెత్తిన టోపీ ఉందని ఉద్యోగం పోతుందేమోనని ఇరవై నాలుగేళ్ళ పిల్లాడు వణుకుతున్నాడు.

"పెట్టన్లేరా, వాయించు" అన్నాను.

వాడు టోపీ తీసి జేబులో పెట్టుకుని మళ్ళీ వాయించడం మొదలెట్టాడు. పాట అదే. నాలుగడుగులు నడిచాక మా పేట ముసలావిడ ఒకామె, చర్చికి ఒక్క ఆదివారం కూడా మానని మనిషి, తన టోపీ తీసి వాడి నెత్తిన పెట్టేసింది. "చలి మంచు పడతందిరా అబ్బాయా" అంది. వాడు ఈసారి తీయలేదు.

వచ్చే భాగంలో 1950 ఉత్తర్వు మూడో పేరా గురించి వివరంగా రాస్తాను. అప్పటిదాకా మీ పేటల్లో బ్యాండు వాయించిన తాతల పేర్లు, వాళ్ళ వాద్యాలు, వాళ్ళకిచ్చిన కూలి ఎంతో కనుక్కుని రాసిపెట్టుకోండి. మన చరిత్ర ఇంకా వాళ్ళ ట్రంకు పెట్టెల్లోనే ఉంది.

జై భీమ్.