ఇంటి మరమ్మతు.. కొటేషన్‌లో రాయనిదే భారం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి మరమ్మతు చేయించడం అంతకంటే చిక్కైన పని. కొత్త ఇంటికి ప్లాను ఉంటుంది, లెక్క ఉంటుంది. పాత ఇంటి గోడలో పైపు ఎటు పోయిందో, శ్లాబులో చువ్వ ఎంత తుప్పు పట్టిందో పగలగొట్టి చూసే వరకు తెలియదు. మూడు లక్షలు అనుకున్న పని అయిదు లక్షలకు చేరితే మిగతా రెండు లక్షలకు అప్పు చేయడమో, బంగారం తాకట్టు పెట్టడమో తప్పదు. ఇలాంటి అవస్థకు మూలం చాలాసార్లు ధరల పెరుగుదల కాదు. పని మొదలుకాక ముందు తీసుకున్న కొటేషన్‌లో రాయకుండా వదిలేసిన అంశాలే.

తక్కువ ధర ఎక్కువైన లెక్క

నంద్యాల, కర్నూలు జిల్లాల్లోని పాత ఇళ్లలో బేతంచెర్ల నాపరాళ్ల గచ్చు కనిపిస్తుంది. దాన్ని తొలగించి టైల్స్ వేయించాలనుకున్న ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. హాలు పొడవు 20 అడుగులు, వెడల్పు 15 అడుగులు. మొత్తం 300 చదరపు అడుగులు. ఒక మేస్త్రీ సామగ్రితో కలిపి అడుగుకు రూ.110 చెప్పాడు. అంటే రూ.33 వేలు. మరో మేస్త్రీ రూ.140 చొప్పున రూ.42 వేలు చెప్పాడు. ఎవరైనా మొదటి వ్యక్తికే పని అప్పగిస్తారు.

పని మొదలయ్యాక అదనాలు బయటపడతాయి. పాత నాపరాళ్లు పెకలించడానికి అడుగుకు రూ.12 చొప్పున రూ.3,600. ఆ రాళ్లు, మట్టి తరలించడానికి రెండు ట్రాక్టర్లకు రూ.3 వేలు. కింద కాంక్రీటు బెడ్ సరిచేయడానికి అడుగుకు రూ.15 చొప్పున రూ.4,500. రెండు తలుపుల వెడల్పు పోగా గోడ వెంట 64 అడుగుల స్కర్టింగుకు రూ.35 చొప్పున రూ.2,240. మొత్తం కలిపితే రూ.46,340 అవుతుంది. రెండో మేస్త్రీ చెప్పిన ధరలో ఇవన్నీ ఉన్నాయి. తక్కువనుకున్న పని చివరికి రూ.4,340 ఎక్కువైంది. ధరలు ఊరిని బట్టి మారతాయి కానీ లెక్క తీరు ఇదే.

అందుకే మొత్తాలను పోల్చడం కాదు, జాబితాలను పోల్చాలి. పనుల జాబితాను యజమానే ముందుగా తయారుచేసి, అదే కాగితం ముగ్గురికి ఇచ్చి ధరలు రాయించుకోవాలి. అప్పుడే ఎవరి ధర ఎంతో తేలుతుంది.

కొటేషన్‌లో తప్పక ఉండాల్సినవి

* కూలి మాత్రమేనా, సామగ్రితో కలిపి గుత్తకా అన్నది స్పష్టంగా రాయాలి. కూలి గుత్త అయితే పరంజా, సెంట్రింగు చెక్కలు, మిక్సరు అద్దె, నీళ్లు పట్టడం ఎవరి బాధ్యతో తేల్చుకోవాలి.

* ప్రతి పనికి కొలత, ధర విడివిడిగా ఉండాలి. ‘బాత్‌రూం మొత్తం రూ.80 వేలు’ అని రాస్తే అందులో వాటర్‌ప్రూఫింగ్ ఉందో లేదో తెలియదు.

* ‘మంచి రకం’ అన్న మాటకు విలువ లేదు. కంపెనీ, ఐఎస్ఐ ముద్ర, పరిమాణం రాయించాలి. వైరింగులో సాధారణంగా లైట్లకు 1.5, ప్లగ్ పాయింట్లకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడతారు.

* మాలు పాళ్లు రాయాలి. ఘనపు మీటరు మాలుకు ఒకటికి నాలుగు పాళ్లలో దాదాపు ఏడున్నర బస్తాల సిమెంటు పడితే, ఒకటికి ఆరు పాళ్లలో అయిదు బస్తాలే పడుతుంది. పాళ్లు రాయకపోతే ఈ తేడా గుత్తేదారుకు మిగులుతుంది.

* పన్నులు కలిపారో లేదో చూడాలి. జీఎస్టీ నమోదు ఉన్న గుత్తేదారు సామగ్రితో కలిపి చేసే ఇంటి మరమ్మతుకు 18 శాతం పన్ను పడుతుంది. రూ.4 లక్షల పనికి అది రూ.72 వేలు. నమోదు లేనివారు జీఎస్టీ వసూలు చేయరాదు. సిమెంటుపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు తీసుకున్న కొటేషన్ అయితే ధర మళ్లీ రాయించుకోవాలి.

కొలతల్లో తకరారు

ప్లాస్టరింగులో తలుపులు, కిటికీల ఖాళీ తీసేయాలా వద్దా అన్నది తరచూ గొడవకు దారితీస్తుంది. దీనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 1200లో పద్ధతి ఉంది. అర చదరపు మీటరు వరకు ఖాళీకి తగ్గింపు లేదు. అంతకు మించి మూడు చదరపు మీటర్ల వరకు గోడకు ఒక వైపే తగ్గించాలి. అంచుల పూతకు వేరే లెక్క ఉండదు. మూడు చదరపు మీటర్లు దాటితే రెండు వైపులా తగ్గించి, అంచుల కొలత కలపాలి. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు తలుపు దాదాపు రెండు చదరపు మీటర్లు కాబట్టి ఒక వైపే తగ్గింపు వస్తుంది. ‘కొలతలు ఐఎస్ 1200 ప్రకారం’ అని ఒప్పందంలో ఒక్క వాక్యం రాస్తే తకరారు ఉండదు.

కనిపించని పనికి ముందే ధర

శ్లాబు అడుగున పెచ్చులు ఊడుతుంటే లోపల చువ్వలు ఏ మేరకు దెబ్బతిన్నాయో ముందు చెప్పలేరు. మొత్తం ఎంతో తెలియకపోయినా, చదరపు అడుగుకు ఎంతో ముందే రాసుకోవచ్చు. మార్చాల్సిన చువ్వకు కిలో చొప్పున ధర పెట్టుకోవాలి. 12 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు సుమారు 0.89 కిలోలు, 8 మిల్లీమీటర్లది 0.395 కిలోలు తూగుతుంది. వేసిన పొడవును బట్టి బరువును యజమానే సరిచూసుకోవచ్చు. ఇలాంటి వాటికోసం అంచనాపై 10 నుంచి 15 శాతం సొమ్ము పక్కన ఉంచుకోవడం మేలు.

భారం పెరగడానికి మరో కారణం యజమాని మనసు మారడం. ‘ఎలాగూ పగలగొట్టారు కదా, ఇక్కడో అలమర పెట్టండి’ అన్న మాట బిల్లులో వేలల్లో తేలుతుంది. అదనపు పని ఏదైనా ధర రాసి, ఇద్దరూ సంతకం చేశాకే మొదలుపెట్టించాలి.

సొమ్ము పనికి వెనుకే నడవాలి

బయానా పది, పదిహేను శాతం మించకుండా చూసుకోవాలి. మిగతాది పూర్తయిన పనిని కొలిచి దశలవారీగా చెల్లించాలి. తేదీ, మొత్తం, ఏ పనికి ఇచ్చారో నోటు పుస్తకంలో రాసి సంతకం తీసుకోవాలి. చివరి అయిదు నుంచి పది శాతం కొంతకాలం ఆపి ఉంచే షరతు ముందే పెట్టుకోవాలి. శ్లాబు మరమ్మతైతే ఒక వానాకాలం గడవనిస్తే కారుతుందో లేదో తేలిపోతుంది.

మాట తప్పితే దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం గృహ నిర్మాణాన్ని సేవల్లో చేర్చింది. సేవా లోపంపై రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.50 లక్షల వరకు ఉన్న కేసులు అక్కడే విచారిస్తారు. రూ.5 లక్షల వరకు ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. అయితే కమిషన్ ముందు నిలిచేది నోటిమాట కాదు, సంతకాలున్న కొటేషన్, రసీదులు, పని ఫొటోలే. ఏళ్లుగా తెలిసిన మేస్త్రీ అయినా కాగితం రాసుకోవడంలో మొహమాటం అవసరం లేదు. ఆ కాగితం ఇద్దరికీ రక్షణే.