పత్తెం ఎన్నాళ్ళండి?

రాజమండ్రిలో ఒక మందుల షాపు దగ్గర విన్న మాట ఇది. అరవై దాటిన ఒకావిడ బీపీ బిళ్ళల చీటీ ఇచ్చి, కుర్రాడు మందులు పొట్లం కట్టేదాకా ఆగి, "పత్తెం ఏమన్నా ఉందాండి?" అని అడిగింది. "ఉప్పు తగ్గించండమ్మా, ఊరగాయలు మానండి, రోజూ కాస్త నడవండి" అన్నాడతను. ఆవిడ తలూపింది. సంచీ సర్దుకుంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి ఇంకో ప్రశ్న వేసింది: "ఎన్నాళ్ళు చెయ్యాలండి?"

కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న చాలా న్యాయంగా తోచింది. మన నోట్లో పత్తెం అనే మాటకి గడువు ఉంది. పచ్చకామెర్లకి పసరు తాగితే ఇన్ని రోజులు, నాటు మందు వాడితే ఒక మండలం, పురుడు పోసుకుంటే ఇన్ని నెలలు. గడువు తీరాక ఒక మంచిరోజు చూసి పత్తెం విడుస్తారు. ఆ రోజున పులుపు, వంకాయ, ఆవకాయ అన్నీ ఒక్కసారిగా విస్తట్లోకి తిరిగి వస్తాయి. పట్టడం, విడవడం రెండూ ఉన్న మాట అది. ఇప్పుడు మనల్ని పట్టుకున్న బీపీకి, షుగరుకి విడిచే రోజంటూ లేదు. పాత మాటలో కొత్త జబ్బు ఇమడక, నెలరోజులు చేసి "ఇప్పుడు బాగానే ఉంది" అని బిళ్ళలూ పత్తెమూ కలిపి మానేసినవాళ్ళని మా బంధువుల్లోనే చూశాను. అందులో ఒకాయనకి ఆ తర్వాత కుడిచెయ్యి పడిపోయింది. అప్పటి నుంచీ ఈ మాట నన్ను వదల్లేదు.

పత్తెం అసలు రూపం పథ్యం. దాని మూలం పథం, అంటే దారి. దారికి సంబంధించినది, దారికి తగినది పథ్యం. తిండి అన్న అర్థం ఆ మాట పుట్టుకలో ఎక్కడా లేదు. చరక సంహిత సూత్రస్థానం 25వ అధ్యాయంలో దీనికి నిర్వచనం ఉంది. దాని సారం రెండు ముక్కల్లో చెప్పవచ్చు: దారి తప్పనిది, మనసుకి నచ్చేది. మొదటి ముక్కలోని దారిని శరీరంలోని స్రోతస్సులుగా, అంటే రసమూ రక్తమూ నడిచే దారులుగా వ్యాఖ్యాతలు వివరించారు. రక్తనాళాలు పూడుకుపోయే ఈ రోజుల్లో ఆ వివరణ చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అయితే నేను ఎక్కువసేపు ఆగింది రెండో ముక్క దగ్గర. మనసుకి ఇష్టం లేకుండా మింగేది పథ్యం కాదని చరకుడి లెక్క. మనం ఆ సగాన్ని ఎక్కడో పారేసుకుని, చప్పిడి కూడు తినే శిక్షకి పథ్యమని పేరు పెట్టుకున్నాం.

పూర్తిగా పారేసుకున్నామని కూడా అనలేను. "ఆ మాట ఆయనకి పథ్యం కాలేదు" అంటాం కదా. అక్కడ రోగం లేదు, కూరా లేదు. మనసుకి పట్టలేదు, రుచించలేదు అని అర్థం. వంటింట్లో పోయిన అర్థం మాటల్లో నిలిచింది. భాషకి ఉన్న ఓపిక ఇది.

అదే అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది. ఏ పదార్థమూ దానంతట అది పథ్యమూ కాదు, అపథ్యమూ కాదు. ఎంత తిన్నావు, ఎప్పుడు తిన్నావు, ఎలా వండావు, ఏ నేల మీద ఉన్నావు, ఏ ఒంటివాడివి, ఒంట్లో ఏ దోషం ఉంది అన్నవాటిని బట్టి అది మారుతుంది. మాత్ర, కాలం, క్రియ, భూమి, దేహం, దోషం. ఈ ఆరింటిలో భూమి అన్న మాటని పట్టుకునే నేను మా గోదావరి జిల్లాల గురించి చెప్పదలచుకున్నాను. అంతకన్నా ముందు పత్తెం గురించి మా మామ్మ తరం ఎరిగిన ఒక అర్థం చెప్పాలి.

వాళ్ళు "పత్తెం పెట్టడం" అనేవారు. జ్వరం వస్తే లంఖణాలు. టైఫాయిడ్‌ లాంటిదైతే రోజుల తరబడి పలచటి జావ, సగ్గుబియ్యం నీళ్ళు తప్ప మరేమీ లేవు. జ్వరం దిగి, వైద్యుడు నాడి చూసి ఊఁ అన్నాక మొదటిసారి అన్నం పెట్టే రోజే పత్తెం. పాతబియ్యం మెత్తగా వండి, లేత బీరకాయ కూర కాస్త చేసి, పైన మిరియాల చారు. మంచం మీది పిల్లాడు తెల్లవారుజాము నుంచే వంటింటి వైపు చెవులు పెట్టుకుని పడుకునేవాడు. "అబ్బాయికి ఇవాళ పత్తెం పెట్టారటండీ" అని గోడ అవతలివాళ్ళు సంతోషంగా చెప్పుకునేవారు. అంటే నూరేళ్ళ కిందటి మాట కూడా కాదు, మా మామ్మ నోట పత్తెం అంటే తినడం. మానడం కాదు. మాత్రలు వచ్చి లంఖణాలు పోయాక ఆ పండగ పోయింది. పథ్యంలోంచి తినేది జారిపోయి, తినకూడనిది ఒక్కటే మిగిలింది.

బాలింత పత్తెం కూడా అంతే. దానిలో పెట్టవలసినవే ఎక్కువ. వెల్లుల్లి కారం, వాము, నెయ్యి, చేపలు తినే ఇళ్ళల్లో పాలు పడతాయని సొరపుట్టు. బాలింతకి మంచినీళ్ళు కట్టడి చెయ్యడం, ఆకుకూరలు మాన్పించడం లాంటి వాడుకల్ని నేను వెనకేసుకురాను. అవి చెరుపే చేశాయి. కానీ ఒక మనిషిని కూర్చోబెట్టి, ఆవిడ ఒంటికి తగినది వేరే గిన్నెలో ప్రేమగా వండి పెట్టాలన్న తలంపు ఆ మాటలో ఉంది. అరవై దాటిన మనిషికి ఆ గిన్నె ఎందుకు లేదు?

ఆకుకూర అన్నాను కనక ఒక్కమాట. 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అన్నగారు స్ప్రూ అనే జబ్బుతో పోయాడు. తిన్నది ఒంట పట్టక మనిషి కరిగిపోయే జబ్బు అది. మన వైద్యులు చెప్పే గ్రహణికి దగ్గరది. సుబ్బారావుకీ అదే పట్టుకుంటే నయం చేసింది ఆచంట లక్ష్మీపతి. ఆయనా పశ్చిమ గోదావరి మనిషే, ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదం వైపు తిరిగిన డాక్టరు. తర్వాత అమెరికా వెళ్ళిన సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలోనే 1945లో ఫోలిక్‌ ఆసిడ్‌ తయారీ సాధ్యమైంది. స్ప్రూకి అది మందయింది. ఫోలిక్‌ అన్న పేరు లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి వచ్చింది. మొదట దాన్ని పాలకూర ఆకుల్లోంచి తీశారు. అంటే ఆమ్లానికి ఆకు పేరు. తోటకూర, గోంగూర, పొన్నగంటి పెరట్లోనే పెరిగే నేల మీద పుట్టినవాడు ఆకు పేరున్న మందుతో లోకానికి మేలు చెయ్యడం నాకు ఎప్పుడు తలుచుకున్నా గర్వంగా ఉంటుంది.

ఇక భూమి సంగతి. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర కాటన్‌ దొర ఆనకట్ట కట్టించాడు. అంతకుముందు ఈ జిల్లాలు కరువుకీ వరదకీ మధ్య నలిగినవే. కాలువలు వచ్చాయి, వరి వచ్చింది, రెండో పంట వచ్చింది. ఆకలిని చూసిన నేల కనక కడుపు నిండడాన్ని మించిన ఆరోగ్యం మాకు కనబడలేదు. కొసరి కొసరి వడ్డించడం, చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి వెయ్యడం, సంక్రాంతికి కొత్తల్లుడి ముందు వంటకాలు లెక్కపెట్టలేనన్ని పేర్చడం ఇక్కడి మర్యాదలు. ఈ మర్యాదని తక్కువ చెయ్యను. అది కరువు నేర్పిన దయ. పైగా ఆ తిండిని కరిగించే పని ఉండేది. నడుం వంచి ఊడ్పులు, కోతలు, కుప్పనూర్పిళ్ళు, కావిళ్ళు. కాలువ గట్టు మీద నడుస్తూ సరుకు పడవల్ని తాడుతో లాగినవాళ్ళు రెండు విస్తళ్ళ అన్నం తిన్నా ఒంటికి అది పథ్యమే. చరకుడి లెక్క ప్రకారం దేహమూ మాత్రా సరిపోయాయి.

ఇప్పుడు దమ్ము ట్రాక్టరుది, కోత యంత్రానిది. చాలా పొలాలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువు గట్టు దాకా మోటారు సైకిలు వెళ్తుంది. దంపుడు బియ్యం పోయి తెల్లగా పాలిష్‌ పట్టిన బియ్యం వచ్చాయి. చద్దన్నం, తరవాణి చోటుకి నూనెలో వేగిన టిఫిన్లు వచ్చాయి. విస్తరి మాత్రం అలాగే ఉంది.

దీని ఫలితం ఊహ కాదు, లెక్క కట్టారు. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్ళలో, సుమారు 1 లక్షా 80 వేల జనాభాలో, ఏడాది పాటు ప్రతి మరణానికీ కారణం అడిగి రాసుకున్నారు. ఆస్ట్రేలియాలోని జార్జ్‌ ఇన్‌స్టిట్యూట్‌, ఇక్కడి బైర్రాజు ఫౌండేషన్‌, హైదరాబాదు కేర్‌ ఫౌండేషన్‌ కలిసి చేసిన పని అది. 1,354 మరణాల్లో 32 శాతం గుండెజబ్బులూ పక్షవాతమూ మొదలైనవాటి వల్ల. అంటువ్యాధుల వల్ల పోయినవాళ్ళు 12 శాతం. పల్లెల్లో జనం కలరాతోనో జ్వరాలతోనో పోతారన్న నమ్మకాన్ని ఆ లెక్క తిరగేసింది. ఆ ప్రాంతంలోనే ముప్ఫై దాటినవాళ్ళని పరీక్షిస్తే నూటికి దాదాపు 13 మందికి మధుమేహం తేలింది. అందులో సగం మందికి తమకి ఆ జబ్బు ఉన్నట్టే తెలియదు. తెలియనివాళ్ళు పత్తెం ఎలా అడుగుతారు?

ఇప్పటి పత్రికలు వీటిని జీవనశైలి వ్యాధులంటాయి. ఆ మాట నాకు పథ్యం కాలేదు. శైలి అనగానే అదేదో మనం బజార్లో ఎంచుకున్న చొక్కాలా వినబడుతుంది. ముప్ఫై ఏళ్ళు ఊడ్చి, మోకాళ్ళు అరిగి, ఇప్పుడు కదల్లేని కూలి మనిషికి శైలి ఎక్కడిది? దానికన్నా మన నడవడి, నడత అన్న మాటలు ఎంతో నయం. నడవడంలోంచి పుట్టి మనిషి బతికే తీరుకి పేరైన మాటలవి. వాగ్భటుడు అష్టాంగహృదయంలో రాసిన దినచర్య, ఋతుచర్య అధ్యాయాల పేర్లలోని చర్యకి కూడా మూలం సంచరించడమే. మన పెద్దలకి మంచి అలవాటంటే కాళ్ళు గుర్తొచ్చాయి. పైపెచ్చు ఇవాళ్టి డైట్‌ అన్న మాట చరిత్రా ఇంతే. గ్రీకులో దాని పూర్వరూపానికి అర్థం బతుకు తీరు. నిద్ర, శ్రమ, స్నానం, తిండి అన్నీ అందులోవే. అది కూడా చివరికి కేరట్‌ ముక్కల గిన్నెగా చిక్కిపోయింది. రెండు వేరు వేరు భాషల్లో రెండు విశాలమైన మాటలు ఒకేలా కుంచించుకుపోవడం చూస్తే బాధగా ఉంటుంది.

కరక్కాయకి సంస్కృతంలో పథ్య అనీ, వయస్థ అనీ పేర్లున్నాయి. చరకుడు వయఃస్థాపనాలని పది మూలికలు చెప్పాడు. కరక్కాయ, ఉసిరి, తిప్పతీగ, పునర్నవ అందులోవి. అవి తింటే ముసలితనం రాదని నేను చెప్పడం లేదు. నాకు కావలసింది ఆ పేరు. వయసుని ఆపడం వేరు, వయసుని నిలబెట్టడం వేరు. డెబ్భయ్యో ఏట తన కాళ్ళ మీద తాను రేవు మెట్లు దిగి ఎక్కగలగడం నిలబడ్డ వయసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా కూడా అటే చూస్తోంది: పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడంతో సరిపెట్టకుండా, పడిపోకుండా ఉండేందుకు ఒళ్ళు నిలదొక్కుకునే కసరత్తులు కూడా వారంలో మూడు రోజులు చెయ్యాలని.

పథం నుంచే పుట్టిన ఇంకో మాట పాథేయం. ప్రయాణంలో తినడానికి కట్టుకెళ్ళే తిండి. దానికి మన తెలుగు మాట దారిబత్తెం. పత్తెం, బత్తెం వేరు వేరు మూలాల మాటలే. ఒకటి దారి నుంచి, ఒకటి అన్నం నుంచి వచ్చాయి. చెవికి మాత్రం అక్కాచెల్లెళ్ళలా వినబడతాయి. పడవ ప్రయాణాల రోజుల్లో రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్ళేవాళ్ళు పులిహోరో పెరుగన్నమో మూట కట్టుకునేవారు. దూరాన్ని బట్టి మూట. పాడుకానిది, దాహం పుట్టించనిది, కడుపుకి బరువు కానిది, తినబుద్ధయ్యేది చూసి కట్టేవారు. ఆ మూట కట్టే ఇల్లాలిని ఎవరూ "ఎన్నాళ్ళు?" అని అడగలేదు. అరవై దాటాక ఇంకో పాతికేళ్ళ ప్రయాణం ఉండే కాలం ఇది. ఆ మందుల షాపు దగ్గర ఆవిడకి చెప్పవలసింది దారిబత్తెం అన్న మాటేమోనని తర్వాత చాలాసార్లు అనిపించింది.

అమలాపురం దగ్గర మా పిన్ని ఇంట్లో మూడేళ్ళుగా రెండు మార్పులు జరిగాయి. బాబాయికి బీపీ అని తెలిశాక మొదటి నెల ఆవిడ ఆయనకి వేరే చప్పిడి కూర వండింది. ఆయన తినలేక, పక్కన ఆవకాయ దొంగతనంగా వేసుకున్నాడు. రెండో నెల నుంచి ఇంటిల్లిపాదికీ ఒకే కూర. రోజుకి మనిషికి 5 గ్రాములకి మించకూడదని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే ఉప్పుని చిన్న గిన్నెలో పొద్దున్నే నలుగురికీ కొలిచి పెట్టుకుంటుంది. తగ్గిన ఉప్పు చోటుని నిమ్మరసం, వెల్లుల్లి, వాము, కరివేపాకుతో నింపుతుంది. సాయంత్రం ఇద్దరూ కాలువ గట్టున లాకుల దాకా నడిచి వస్తారు. దాన్ని వాళ్ళు వాకింగ్‌ అనరు, "లాకుల దాకా" అంటారు.

మొన్న నేను వెళ్ళినప్పుడు విస్తట్లో అన్నం ఒక్కసారే వడ్డించింది. అలవాటు కొద్దీ నేను చెయ్యి అడ్డం పెట్టబోయాను. ఆవిడ గరిటెలో ఉన్నది పొన్నగంటి కూర. "మొహమాటపడకు నాన్నా, ఇంకొంచెం" అంటూ కొసరి కొసరి వేసింది. పక్కన బాబాయి అప్పటికే రెండోసారి వేయించుకుంటున్నాడు.