మార్కుల వెనక బడి

మన రాష్ట్రంలో కాలేజీ సీట్ల చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది 1986 దగ్గర ఒక గీత గీస్తారు. అంతకుముందు మార్కుల కాలం, ఇంజనీరింగ్, వైద్య సీట్ల ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఎంసెట్ వచ్చాక ర్యాంకుల కాలం అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చూస్తే ఈ లెక్క కుదరదు. ప్రవేశ పరీక్ష 1986 కంటే పదహారేళ్ల ముందే వచ్చింది. ఎంసెట్ వచ్చాక కూడా మార్కుల కథ ముగియలేదు. ఈ రెండింటికన్నా బలంగా సీటును శాసించిన విషయం మూడోది ఉంది: ఆ మార్కులు ఏ బడిలో, ఏ ప్రాంతంలో వచ్చాయన్నది. దాన్ని మన చరిత్రలు దాదాపు పట్టించుకోలేదు.

తొలి దశ తెలిసిందే. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1959లో దాని ఇంజనీరింగ్ కళాశాల, 1960లో ఎస్వీ మెడికల్ కాలేజీ వచ్చాయి. డాక్టరు చదువు కోసం మద్రాసుకో కర్నూలుకో పోవాల్సిన పిల్లలకు సొంత జిల్లాలోనే సీట్లు కనబడ్డాయి. సీట్లు కొన్నే, అడిగేవాళ్లు ఎక్కువమంది.

అసలు మలుపు 1970 నుంచి 1974 మధ్య నాలుగేళ్లలో ఉందని నా అభిప్రాయం. 1970లో ప్రభుత్వం వైద్య కళాశాలల ప్రవేశానికి పరీక్ష పెట్టింది. పిల్లలు కోర్టుకెక్కారు. అర్హత పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నాక మళ్లీ ఈ పరీక్ష ఏమిటన్నది వాళ్ల వాదన. హైకోర్టులో ప్రభుత్వం ఓడిపోయింది. 1971లో లావు నరేంద్రనాథ్ కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. కాలేజీల ఖర్చు భరించే ప్రభుత్వం, అర్హులైనవాళ్లలోంచి ఎంచుకోవడానికి వేరే పరీక్ష పెట్టుకోవచ్చని, మార్కుల పట్టిక ఒక్కటే కొలబద్ద కానక్కర్లేదని తేల్చింది.

ఆ రోజుల్లో ఒకే సీటుకు పోటీపడే పిల్లలు ఒకే పరీక్ష రాసి వచ్చినవాళ్లు కారు. ప్రీ-యూనివర్సిటీ కోర్సు (పీయూసీ) ఒక్కో విశ్వవిద్యాలయానిది ఒక్కో తీరు. మల్టీపర్పస్ హయ్యర్ సెకండరీ (హెచ్చెస్సీ) వాళ్లది మరో దారి. ఒకరి అరవై శాతాన్ని ఇంకొకరి అరవై శాతంతో తూచే తక్కెడ లేదు. దరఖాస్తుల ఒత్తిడీ ఉండే ఉంటుంది కాబట్టి పరీక్షకు ఇదొక్కటే కారణమని అనను. కానీ పరీక్ష పుట్టింది మార్కుల మీద చిన్నచూపుతో కాదు, వాటికి పోలిక కుదరక. ఇంటర్ బోర్డు 1971లో వచ్చి రాష్ట్రమంతటికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చాక ఆ కారణం సగం తీరిపోవాలి. తీరలేదు. ప్రశ్నపత్రం ఒకటైంది గానీ బడులు ఒకటి కాలేదు.

ఇక 1974. ప్రాంతాల మధ్య తగవు తీర్చడానికి వచ్చిన ఆరు సూత్రాల పథకం తర్వాత, రాజ్యాంగం 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని మూడు స్థానిక ప్రాంతాలుగా విడగొట్టి 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించింది. చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు కలిపి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ (ఎస్వీయూ) ప్రాంతం. ఇక్కడ స్థానికత పుట్టిన ఊరిని బట్టి రాదు, చదివిన బడిని బట్టి వస్తుంది. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదవాలి. లేదంటే వరుస ఏడేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉంటే, అందులో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే ఆ ప్రాంతం.

ఈ నిబంధన సరిహద్దు మండలాల మీద ఎలా పడిందో చూడండి. తిరుపతిలో టెన్త్ చదివి నెల్లూరు హాస్టల్లో ఇంటర్ చేసిన పిల్లకు ఏ ఇబ్బందీ లేదు, నెల్లూరూ ఎస్వీయూ ప్రాంతమే. విజయవాడ వెళ్లినా ఆరు నుంచి పది దాకా చదివిన ఐదేళ్లు ఆమెను ఇక్కడి మనిషిగానే నిలబెడతాయి. అదే కుప్పం పిల్లవాడు తొమ్మిది, పది బెంగళూరులో మేనమామ ఇంట చదివి ఇంటర్‌కు తిరుపతి వచ్చాడనుకుందాం. నాలుగేళ్లూ కుదరవు, ఏడేళ్లూ కుదరవు. అతను 85 శాతంలోంచి జారిపోతాడు. కౌన్సెలింగ్‌లో మార్కుల మెమోతో పాటు ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడిగేది ఇందుకే. సత్యవేడు, నగరి వైపు మద్రాసు బడులకు వెళ్లినవాళ్లదీ ఇదే చిక్కు.

1986 నాటి ఎంసెట్‌ను ఈ నేపథ్యంలో చూడాలి. దానితో మార్కుల కథ ముగిసిపోలేదు. తర్వాతి కాలంలో ఏళ్ల తరబడి ర్యాంకులో 75 పాళ్లు పరీక్షకు, 25 పాళ్లు ఇంటర్ గ్రూపు మార్కులకు నడిచింది. ఎంపీసీలో ఆరు వందలకు 590 వచ్చినవాడికి వెయిటేజీ 24.58, 470 వచ్చినవాడికి 19.58. ఈ ఐదు పాయింట్లు నూట అరవై ప్రశ్నల ఎంసెట్‌లో దాదాపు పదకొండు ప్రశ్నలకు సమానం. కార్పొరేట్ కాలేజీలు ఈ లెక్క అందరికన్నా ముందు పసిగట్టాయి. ఎంసెట్ కోచింగ్‌తో పాటు ఇంటర్ పబ్లిక్ పరీక్ష (ఐపీఈ) మార్కులనూ స్టడీ అవర్లలో రుద్ది రాబట్టాయి. పల్లె జూనియర్ కాలేజీ పిల్లవాడికి ఆసరా కావలసిన 25 శాతం కూడా హాస్టల్ ఫీజు కట్టగలిగినవాళ్ల చేతికే పోయింది.

దీనికి విరుగుడు వెతికిన ప్రయత్నం నాకు తెలిసి ఒక్కటే. 2008లో ఇడుపులపాయ, నూజివీడు, బాసరల్లో మొదలైన ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు పదో తరగతి ఫలితాలనే ప్రవేశానికి ఆధారం చేసుకున్నాయి. గ్రేడ్లు వచ్చాక ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల పిల్లలకు 0.4 పాయింట్లు కలిపారు. 9.7 తెచ్చుకున్న పలమనేరు జడ్పీ హైస్కూలు పిల్ల, ప్రైవేటు బడిలో 10 తెచ్చుకున్నవాణ్ణి దాటిపోయేది. బడి తేడాను అంకెల్లో ఒప్పుకున్న సందర్భం ఇది. లోపాలూ ఉన్నాయి. తిరుపతి నడిబొడ్డున ఉన్న మునిసిపల్ బడికీ, కుప్పం అంచున ఉన్న బడికీ అదే 0.4. గ్రేడ్లు సమానమైతే సబ్జెక్టుల గ్రేడ్లు, అవీ సమానమైతే పుట్టిన తేదీ చూసి సీటిచ్చారు. అంత దాకా పోయిన కొలత అసలు కొలతేనా అన్న అనుమానం సహజం.

ఇప్పటి పరిస్థితి ఒక్క దారిలో లేదు. ఎస్వీ మెడికల్ కాలేజీ సీటుకు ఇంటర్ మార్కులు కనీస అర్హత మాత్రమే, మిగతాదంతా నీట్. యేర్పేడు దగ్గరి తిరుపతి ఐఐటీకి ఇంటర్ మార్కుల పరంగా 75 శాతమో, బోర్డు టాప్ 20 పర్సంటైలో చాలు. జేఈఈ మెయిన్ 2013 నుంచి 2016 దాకా బోర్డు మార్కులకు 40 శాతం ఇచ్చి, బోర్డుల తేడాను సరిచేసి, 2017లో వదిలేసింది. తెలంగాణ 2023లో ఎంసెట్‌లో ఇంటర్ వెయిటేజీ ఎత్తేసింది. కోవిడ్‌తో పక్కన పెట్టిన 25 శాతాన్ని ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది ఈఏపీసెట్‌లో (ఎంసెట్‌కు ఇక్కడి కొత్త పేరు) తిరిగి తెచ్చింది.

వెయిటేజీ ఎత్తేస్తే పల్లె పిల్లలకు మేలన్న మాట నేను నమ్మను. మిగిలే పరీక్ష కూడా కోచింగ్ కొనుక్కున్నవాళ్లదే. ఉన్నది ఉన్నట్టు ఉంచడమూ న్యాయం కాదు. బోర్డుకూ బోర్డుకూ మధ్య తేడా సరిచేసిన దేశం, ఒకే బోర్డులో బడికీ బడికీ మధ్య తేడాను పట్టించుకోలేదు. పిల్లవాడి మార్కును అతని బడి సగటుతో పోల్చి చూడటం బోర్డుకు కష్టం కాదు, ఫలితాలన్నీ దాని దగ్గరే ఉన్నాయి. 1974 ఉత్తర్వు బడి ఎక్కడుందో అడిగింది. అది ఎలాంటి బడో కూడా అడిగితే తప్ప ఈ 25 శాతాన్ని సమర్థించడం కష్టం.