చప్పట్లు కొట్టి నేర్పే తర్కం

మైసూరు నుంచి కొడగు వెళ్లే దారిలో బైలకుప్పె ఉంది. అక్కడి సెరా టిబెటన్ ఆరామంలో వాదన వేళకు ప్రాంగణమంతా కేకలతో మార్మోగుతుంది. భిక్షువులు ఇద్దరిద్దరుగా జతకడతారు. ఒకరు నేలమీద కూర్చుంటే మరొకరు ఎదురుగా నిలబడి ప్రశ్న సంధిస్తారు. ప్రశ్న ముగుస్తూనే ఎడమ కాలు నేలకు తాటించి, కుడి అరచేతిని ఎడమ అరచేతిపై చరుస్తారు. కొత్తగా చూసినవాళ్లు తగవనుకుంటారు. అదే వాళ్ల పాఠం.

కూర్చున్నవాడు ఉపన్యాసాలివ్వడానికి వీల్లేదు. 'ఒప్పుకుంటాను', 'ఎందువల్ల?', 'హేతువు సిద్ధించలేదు' (చెప్పిన కారణం నిజం కాదు), 'వ్యాప్తి లేదు' (కారణం నిజమైనా ఆ ఫలితం రాదు) - ముఖ్యంగా ఈ నాలుగు జవాబులతోనే నెట్టుకురావాలి. నిలబడినవాడు తన పక్షాన్ని నిరూపించనక్కర్లేదు. ఎదుటివాడి మాటతోనే ఎదుటివాణ్ణి ఇరికిస్తే చాలు.

పిల్లలకు ఈ విద్య రంగులతో మొదలవుతుంది. 'రంగైనదల్లా ఎరుపేనా?' అని అడుగుతారు. కుర్రవాడు తొందరపడి అవునన్నాడో, చిక్కినట్టే. 'అయితే తెల్ల శంఖం రంగు కూడా ఎరుపే కావాలి, అదీ రంగే కనుక' అంటూ చప్పట్లు పడతాయి. హేతువు సిద్ధించలేదందామా అంటే, తెలుపు రంగు కాదని చెప్పాల్సొస్తుంది. వ్యాప్తి లేదందామా అంటే, ఇందాకటి మాట వెనక్కి తీసుకోవాలి. ఏది అన్నా చుట్టూ ఉన్నవాళ్లు 'ఛా!' అని అరుస్తారు. ఒప్పుకునే ముందు ఆ మాట ఎక్కడికి దారితీస్తుందో చూసుకోవడం అలా అలవడుతుంది.

ఈ పద్ధతికి టిబెట్‌లో రూపమిచ్చినవాడిగా సాంగ్‌పు ఆరామాధిపతి చాపా చోక్యి సెంగే (1109-1169) పేరు చెబుతారు. దాని వేళ్లు మాత్రం భారతదేశపు ప్రమాణశాస్త్రంలో ఉన్నాయి. సరైన హేతువుకు ఉండవలసిన మూడు లక్షణాలను బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు సూత్రీకరించాడు, ధర్మకీర్తి ఆ చర్చను విస్తరించాడు. దిఙ్నాగుడికి తెలుగునేలతోనూ సంబంధముంది. ఆయన హేతువిద్యా గ్రంథం రచించింది వేంగి దగ్గరి ఓ కొండమీదేనని ఏడో శతాబ్దంలో ఇటు వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ రాసిపెట్టాడు. ఇక్కడ ఆ చదువు కనుమరుగైనా, టిబెటన్ అనువాదాల్లో నిలిచింది.

గాండెన్ (1409), డ్రెపుంగ్ (1416), సెరా (1419) ఆరామాలు లాసా పరిసరాల్లో ఈ విద్యకు పెద్ద పీఠాలయ్యాయి. దలైలామా కూడా 1959 ఆరంభంలో లాసాలోని జోఖాంగ్‌లో వేలమంది భిక్షువుల ఎదుట వాదించి, ఈ చదువు పూర్తిచేసినవారికిచ్చే గెషే పట్టా పొందాడు. కొద్ది వారాలకే ఆయన భారత్‌కు తరలిరావలసి వచ్చింది. వెంట వచ్చిన భిక్షువుల్లో చాలామంది బెంగాల్‌లోని బక్సా శిబిరంలో చదువు కొనసాగించారు. తర్వాత సెరా బైలకుప్పెలో, గాండెన్, డ్రెపుంగ్ కర్ణాటకలోనే ఉన్న ముండ్‌గోడ్‌లో మళ్లీ వెలిశాయి.

అత్యున్నత గెషే పట్టా అందుకోవడానికి దాదాపు రెండు దశాబ్దాలు పడుతుంది. శతాబ్దాల పాటు అది మగవాళ్లకే దక్కింది. భిక్షుణులకూ ఆ పరీక్షలు పెట్టేందుకు 2012లో అనుమతి లభించింది. 2016 డిసెంబరులో ముండ్‌గోడ్‌లోని డ్రెపుంగ్‌లో ఇరవై మంది భిక్షుణులు దలైలామా చేతుల మీదుగా గెషేమా (భిక్షుణులకిచ్చే గెషే) పట్టాలు అందుకున్నారు.