పాము పేరు అడిగినవారు

ఆస్ట్రేలియా అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి మూడు: క్రికెట్, కంగారూ, కాటేసే పురుగులు. 2006లో మేము సిడ్నీకి బయలుదేరేటప్పుడు విమానాశ్రయంలో మా అత్తగారు చెప్పిన ఆఖరి మాట, "అక్కడ పురుగూ పుట్రా ఎక్కువటగా, చూసి అడుగెయ్యండి" అని. ఆవకాయ జాడీ కన్నా ఆ మాటే బరువుగా మాతో వచ్చింది. మొదటి మూడేళ్ళూ నగరం మధ్యలో ఆరో అంతస్తు అపార్ట్‌మెంటులో ఉన్నాం కాబట్టి లిఫ్టులో ఎవరి కుక్కపిల్లో తప్ప మరో ప్రాణి ఎదురు పడలేదు. 2009లో ఉత్తరపు శివార్లలో ఇల్లు కొనుక్కున్నాం. వెనక కంచె దాటితే యూకలిప్టస్ అడవి. అసలు కథ అక్కడ మొదలైంది.

మార్చి నెలలో, రాత్రంతా వాన పడ్డ ఒక ఉదయం, మా ఆవిడ తోటపని బూటు తొడుక్కోబోతూ ఎందుకో ఒకసారి దులిపింది. నల్లగా నిగనిగలాడే సాలీడు ఒకటి కింద పడింది. పారిపోలేదు. ముందుకాళ్ళు పైకెత్తి మామీదకే లేచి నిలబడింది. నేను లోపలికి పరుగెత్తి పురుగుల మందు డబ్బా పట్టుకొచ్చాను. ఈలోగా కేకలు విని పక్కింటి పెద్దాయన వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. ఆయన చేతిలో జాడీ ఉంది, ఒక పొడుగాటి చెక్క గరిటె ఉంది. "చంపకు. ఇది మగ ఫనెల్ వెబ్. దీన్ని పట్టి ఇస్తే దీనితోనే మందు చేస్తారు" అన్నాడు. నిమిషంలో దాన్ని జాడీలోకి తోసి, మూత పెట్టి, తీరిగ్గా నన్ను అడిగాడు: "మీ ఊళ్ళో ఏ పాములుంటాయి?"

"నాగుపాము" అన్నాను. తర్వాత మాట రాలేదు. పదకొండేళ్ళ వయసు దాకా పల్లెటూళ్ళో పెరిగినవాణ్ణి, ఇంజనీరింగు చదివినవాణ్ణి, నాలుగు పాముల పేర్లు చెప్పలేకపోయాను. ఆ సిగ్గే ఈ వ్యాసానికి మూలం.

మా ఊళ్ళో ఒక రాత్రి

మాది విజయనగరం జిల్లా. 1990 డిసెంబరులో, వరికోతల రోజుల్లో, పనలు ఎత్తుతుండగా మా చిన్నాన్నని పాము కరిచింది. అప్పటికి ఆయనకి ఇరవై ఆరేళ్ళు. మా వైపు చీకటి పడ్డాక పాము అనే మాట పలకరు. "పురుగు ముట్టింది" అంటారు. అలాగే అన్నారు, అలాగే పక్క ఊరి మంత్రగాడి దగ్గరికి ఎడ్లబండి కట్టారు. ఆయన వేపమండలు తిప్పి, "విషం లేని పురుగే, దిగిపోయింది" అని పంపేశాడు. తెల్లారేసరికి కాలు వాచిపోయింది, చిగుళ్ళ వెంట రక్తం. పట్నం ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే మూత్రం ఆగిపోయింది. మూడో రోజు ఆయన పోయారు.

మా నాన్నమ్మ ఆ పాముని చూసింది. "వీపంతా కాటుక దిద్దినట్టు మచ్చలు. పొడపాము అది" అని దినకర్మలయ్యే దాకా అంటూనే ఉంది. ఆ రాత్రి మాత్రం ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. పొడపామంటే రక్తపింజరి. అడిగి ఉంటే బండి నేరుగా పట్నం వెళ్ళేది.

విశాఖకి వచ్చిన వలస వైద్యుడు

పొరుగాయన ప్రశ్న పడ్డాక పాముల తెలుగు పేర్ల కోసం వెతకడం మొదలుపెట్టాను. వెతగ్గా వెతగ్గా నాకు దొరికిన మొదటి గురువు తెలుగువాడు కాదు. ఎడిన్‌బరో మనిషి, పేరు పాట్రిక్ రస్సెల్. 1727లో పుట్టాడు. సిరియాలోని అలెప్పోలో ఏళ్ళ తరబడి వైద్యం చేసి, ప్లేగు మీద పుస్తకం రాశాడు. 1780ల మొదట్లో ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్‌కి ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో పెద్ద పదవి ఇచ్చింది. తమ్ముడికి తోడుగా అన్న కూడా మన ఊరు వచ్చాడు. 1785లో కంపెనీ ఆయన్ని మద్రాసు రాజ్యానికి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది.

కొత్త దేశం వచ్చినవాడికి ఎదురయ్యే భయమే ఆయనకీ ఎదురైంది. ఇక్కడ పాము కాటుకి జనం చనిపోతున్నారు, కానీ ఏది విషప్పామో ఏది కాదో తెల్లవాళ్ళకి తెలియదు. అందుకని ప్రతి పామునీ చంపేవారు, ప్రతి కాటుకీ హడలిపోయేవారు. రస్సెల్ పాముల్ని తెప్పించుకుని కోరలు చూశాడు, పొలుసులు లెక్కపెట్టాడు, కుక్కల మీదా కోళ్ళ మీదా కాట్లు పరీక్షించాడు. తంజావూరు మాత్రలని ఆ రోజుల్లో పేరుమోసిన విరుగుడు మందు ఉండేది. దాన్నీ పరీక్షకి పెట్టాడు. అన్నిటికన్నా పెద్ద పని మరొకటి చేశాడు. ప్రతి పాముకీ ఇక్కడివాళ్ళు ఏమంటారో అడిగి, ఆ పేరు తనకి వినబడినట్టు రాసుకున్నాడు.

1796లో లండన్‌లో అచ్చయిన ఆయన కోరమాండల్ తీరపు పాముల పుస్తకంలో లాటిన్ పేర్లకి బదులు మన పేర్లే బొమ్మల కింద కనిపిస్తాయి. ఒక బొమ్మ దగ్గర నేను ఆగిపోయాను. ఇంగ్లీషు అక్షరాల్లో "కాటుక రేకుల పొడ" అని ఉంది. మా నాన్నమ్మ చెప్పిన కాటుక మచ్చలూ, ఆవిడ అన్న పొడపామూ, రెండూ ఆ ఒక్క పేరులో ఉన్నాయి. ఆవిడకి చదువు రాదు. రెండు వందల ఏళ్ళ నాటి లండన్ పుస్తకంలో ఉన్న సంగతి ఆవిడకి తెలుసు, మాకు తెలియలేదు. ఆ పాముకి 1797లో శాస్త్రజ్ఞులు రస్సెల్ పేరే పెట్టారు. నేటికీ ప్రపంచం దాన్ని రస్సెల్స్ వైపర్ అంటుంది.

ఇంకో బొమ్మ పేరు "బంగారు పాము". పసుపూ నలుపూ పట్టీలుండే కట్లపాము జాతి అది. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోడాన్ కట్లపాముల కుటుంబానికంతటికీ ఒక శాస్త్రీయనామం కావలసివచ్చినప్పుడు రస్సెల్ రాసిన ఆ తెలుగు మాటనే లాటిన్‌లోకి మార్చి "బంగారస్" అని పెట్టాడు. చైనాలోనైనా ఇండోనేషియాలోనైనా కట్లపాము గురించి రాసే ఏ శాస్త్రజ్ఞుడైనా ముందు మన "బంగారం" పలకాల్సిందే. బొబ్బిలి వీణ, ఏటికొప్పాక లక్కబొమ్మల సరసన ఉత్తరాంధ్ర ప్రపంచానికిచ్చిన కానుకల్లో దీన్నీ కలపవచ్చు.

ఇక్కడివాళ్ళ తిప్పలు

ఇక ఆస్ట్రేలియా సంగతి. రస్సెల్ విశాఖలో పాములు ఏరుతున్న కాలంలోనే, 1788లో, బ్రిటిష్ వాళ్ళు సిడ్నీలో దిగారు. వాళ్ళూ మంత్రగాళ్ళనే నమ్మారు, మంత్రం పేరు మాత్రం వేరు. సంతల్లో పాములాడించేవాళ్ళు విరుగుడు మందులు అమ్మేవారు. 1868లో మెల్బోర్న్‌లో ఒక మేజిస్ట్రేటు అలాంటి మందుని నమ్మి, పరీక్ష కోసం కావాలని పాము చేత కరిపించుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. అదే కాలంలో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలోని హాల్ఫర్డ్ అనే ప్రొఫెసరు రక్తంలోకి అమ్మోనియా ఎక్కించమన్నాడు. తర్వాత ముల్లర్ అనే డాక్టరు స్ట్రిక్నిన్ అనే విషాన్ని విరుగుడుగా వాడాడు. ఇవేవీ నిలబడలేదు. చదువుకున్నవాళ్ళు చెప్పినంత మాత్రాన మంత్రం మందు అయిపోదు.

1890లలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కాల్మెట్ నాగుపాము విషానికి సీరం కనిపెట్టాడు. సైగాన్‌లో పనిచేస్తుండగా, 1891లో వరదలకి నాగుపాములు ఒక ఊళ్ళోకి చొరబడి నలభై మందిని కరిచిన సంఘటన ఆయన్ని ఆ పనికి పురికొల్పింది. అయితే ఆ సీరం ఆస్ట్రేలియా పాముల మీద పనిచేయలేదు. ఏ పాము విషానికి ఆ పాము విరుగుడే కావాలని తేలింది. అంటే మళ్ళీ మొదటి ప్రశ్నకే వచ్చాం: కరిచిన పాము ఏది? ఇక్కడ అమ్మకానికి వచ్చిన మొదటి విరుగుడు టైగర్ స్నేక్‌ది. మెల్బోర్న్‌లోని కామన్వెల్త్ సీరం లాబొరేటరీస్ 1930లో దాన్ని తయారు చేసింది.

అన్నిటికన్నా భయంకరమైనది టైపాన్. ఈ పేరు కూడా అడిగి తెలుసుకున్నదే. కేప్ యార్క్‌లో విక్ ముంకన్ ఆదివాసులతో కలిసి తిరిగిన డోనాల్డ్ థామ్సన్ అనే మానవ శాస్త్రజ్ఞుడు వాళ్ళ మాటనే 1933లో శాస్త్రలోకానికి అందించాడు. 1950 జులైలో కెవిన్ బడెన్ అనే ఇరవై ఏళ్ళ సిడ్నీ కుర్రవాడు, మందు తయారీకి బతికున్న టైపాన్ కావాలని, కెయిర్న్స్ వెళ్ళి చేత్తో పట్టుకున్నాడు. సంచిలో వేస్తుండగా అది కరిచింది. దాన్ని చంపొద్దు, పరిశోధనకి పంపండి అని చెప్పాడు. మర్నాడు చనిపోయాడు. ఆ పాము ప్రాణాలతో మెల్బోర్న్ చేరింది, దాని విషం తీశారు, 1955లో టైపాన్ విరుగుడు మందు వచ్చింది. ఆ ఏడే కెయిర్న్స్‌లో కాటుపడ్డ ఒక పదేళ్ళ పిల్లవాడు దానితో బతికి బయటపడ్డాడు.

మా బూటులో దొరికిన ఫనెల్ వెబ్ కథ ఇంకా చిత్రం. 1927 నుంచి 1980 వరకు దాని కాటుకి పదమూడు మంది చనిపోయినట్టు లెక్క ఉంది. దాని విషం మనుషుల్నీ కోతుల్నీ చంపుతుంది కానీ కుక్కల్నీ పిల్లుల్నీ కుందేళ్ళనీ పెద్దగా ఏమీ చేయదు. అందుకే పరిశోధన ఏళ్ళ తరబడి సాగింది. చివరికి కుందేళ్ళ రక్తం నుంచే స్ట్రువాన్ సదర్లాండ్ అనే డాక్టరు విరుగుడు సాధించాడు. 1981 ఫిబ్రవరిలో సిడ్నీ ఆసుపత్రిలో మొదటిసారి వాడారు, రోగి బతికాడు. అప్పటి నుంచి ఫనెల్ వెబ్ కాటుతో చనిపోయినవారు లేరు. ఆ మందుకి కావలసిన విషం సిడ్నీకి ఉత్తరాన సోమర్స్‌బీలోని ఆస్ట్రేలియన్ రెప్టైల్ పార్కులో తీస్తారు. సాలీళ్ళని పట్టి ఇచ్చేది మామూలు జనమే. మా పక్కింటాయన జాడీ పట్టుకెళ్ళి ఇచ్చింది అందుకే.

ఎవరిది ప్రమాదకరమైన దేశం?

ఇంటికి ఫోన్ చేస్తే ఇప్పటికీ అడుగుతారు, "అక్కడ పాములతో ఎలా వేగుతున్నార్రా?" అని. నాకు తెలిసిన లెక్క చెప్తాను. ఆస్ట్రేలియాలో పాము కాటుకి ఏడాదికి సగటున ఇద్దరు ముగ్గురు చనిపోతారు. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. మనం పాములున్న దేశానికి వలస వచ్చామనుకుంటున్నాం, నిజానికి పాము చంపే దేశం నుంచి వచ్చాం.

ఇక్కడి పాముల విషం తక్కువేం కాదు, ఎక్కువే. తేడా చెప్పుల్లో ఉంది, టార్చిలైటులో ఉంది, అంబులెన్సులో ఉంది, గంటలో అందే మందులో ఉంది. మన దగ్గర మందు లేదనడానికీ లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగిటికీ పనిచేసే ఒకే మందు మన దేశంలో తయారవుతోంది, హైదరాబాదు కంపెనీ కూడా చేస్తోంది. దానికి కావలసిన విషంలో పెద్ద భాగం తమిళనాడులోని ఇరుళ గిరిజనులు, 1978లో పెట్టుకున్న సహకార సంఘం ద్వారా, పాముల్ని పట్టి తీసి ఇస్తున్నారు. వారిలో ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మందూ ఉంది, పాముని ఎరిగినవాళ్ళూ ఉన్నారు. కరిచినవాడికీ మందుకీ మధ్య ఒక ఎడ్లబండి, ఒక వేపమండ అడ్డం వస్తున్నాయి.

కొత్తగా వచ్చినవారికి నాలుగు మాటలు. బయట వదిలిన బూట్లు దులిపి తొడుక్కోండి. గోడ మీద అరచేతంత కనబడే హంట్స్‌మన్ సాలీడు చూడ్డానికే భయం, దానితో ప్రాణభయం లేదు. పాముగానీ ఫనెల్ వెబ్‌గానీ కరిస్తే కాటు దగ్గర నుంచి చెయ్యో కాలో మొత్తానికి బిగుతుగా బ్యాండేజీ చుట్టి, కదలకుండా పడుకోబెట్టి, 000కి ఫోన్ చేయండి. 1979లో సదర్లాండ్ చెప్పిన ఈ పద్ధతే ఇక్కడ నేర్పుతారు. ఇండియా వెళ్ళినప్పుడు మాత్రం దీన్ని అక్కడ వాడకండి, రక్తపింజరి కాటుకి బిగించి కట్టడం చేటు చేయవచ్చు. అక్కడ కట్టూ వద్దు, కోతా వద్దు, కదలనివ్వకుండా 108 పిలిచి నేరుగా ఆసుపత్రికి పదండి.

పక్కింటి పెద్దాయన 2017లో కాలం చేశాడు. ఆయన జాడీ ఇప్పుడు మా గ్యారేజీలో ఉంది, ఇప్పటికి మూడు సాలీళ్ళని పట్టి ఇచ్చాం. కిందటేడు మా అమ్మాయిని ఊరికి తీసుకెళ్ళాను. నాన్నమ్మ లేదు కానీ ఆవిడ చెల్లెలు ఉంది. అమ్మాయి పలకా బలపంలా ఫోను ముందు పెట్టుకుని, "మామ్మా, మీ పొలాల్లో ఏమేం పాములుంటాయి?" అని అడిగింది. మామ్మ ఆశ్చర్యపోయింది. తనని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదట. వేళ్ళు మడుస్తూ పదకొండు పేర్లు చెప్పింది. చీకటి పడుతోందని పన్నెండోది మాత్రం మర్నాడు పొద్దున్న చెప్పింది.